గులాబీ మొగ్గల బడి

*సొంత నేల పోయింది. నాలుగు వేల ప్రాణాలు పోయాయి. అయినా కొత్త చోట కాస్త కుదురుకోగానే ఆ జాతి తన ఖజానా తెరిచి ఆడపిల్లలకు బడి కట్టింది. 1855లో పన్నెండు మంది అమ్మాయిలు అక్కడ పట్టా పుచ్చుకున్నారు. అమెరికాలోని చెరోకీ బాలికల సెమినరీ కథ ఇది. ఆడపిల్లను హాస్టల్లో చేర్పించిన ప్రతి తల్లీ తండ్రీ చదవాల్సిన కథ.*

అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం. అక్కడ తాలెక్వా పట్టణానికి దగ్గర్లో పార్క్ హిల్ అనే చిన్న ఊరు. ఆ ఊళ్లో చెట్ల మధ్య మూడు ఇటుక స్తంభాలు నిలబడి ఉంటాయి. వాటి మీద కప్పు లేదు, వెనక గోడ లేదు. కొత్తవాళ్లు చూస్తే ఏ పాత గుడో కూలిపోయి మిగిలిందనుకుంటారు. అది బడి. చెరోకీ జాతి తన ఆడపిల్లల కోసం, తన సొమ్ముతో, తన పాలనలో నడుపుకున్న వసతి పాఠశాల. 1851 మే 7న ఆ స్తంభాల వెనక తలుపులు తెరుచుకున్నాయి.

ఆ తేదీ ఎంత ముందుదో తెలియాలంటే మన వైపు చూసుకోవాలి. సావిత్రీబాయి ఫూలే పుణెలో బాలికల బడి మొదలుపెట్టింది 1848లో. కలకత్తాలో బెథూన్ పాఠశాల వచ్చింది 1849లో. మన కందుకూరి వీరేశలింగం పంతులు అప్పటికి మూడేళ్ల పసివాడు. ధవళేశ్వరంలో ఆయన బాలికల పాఠశాల పెట్టడానికి ఇంకా ఇరవై మూడేళ్లు ఉంది. అలాంటి కాలంలో, అడవి మనుషులని తెల్లవాళ్లు ముద్ర వేసిన ఒక ఆదివాసీ జాతి తన కూతుళ్లకు బీజగణితం, లాటిన్ చెప్పించాలని తీర్మానించుకుంది.

కన్నీటి బాట తర్వాత

చెరోకీల అసలు ఊళ్లు ఓక్లహోమాలో లేవు. జార్జియా, టెనెసీ, నార్త్ కరొలైనా, అలబామా ప్రాంతాల కొండలూ లోయలూ వాళ్ల పుట్టిల్లు. ఆ నేల మీద తెల్లవాళ్ల కన్ను పడింది. జార్జియాలో బంగారం దొరకడంతో ఆ ఆశ ఇంకా ముదిరింది. 1835లో జాతి తరఫున సంతకం పెట్టే అధికారం లేని కొద్దిమందితో ప్రభుత్వం ఒప్పందం రాయించుకుంది. ప్రధాన నాయకుడు జాన్ రాస్ అది చెల్లదని మొత్తుకున్నాడు. వేల సంతకాలతో అర్జీ పంపాడు. ఎవరూ వినలేదు.

1838లో సైనికులు ఇళ్ల మీదికి వచ్చారు. పొయ్యి మీది కుండ పొయ్యి మీదే ఉండగా జనాన్ని బయటికి లాగారు. సుమారు పదహారు వేల మందిని వందల మైళ్ల అవతలికి తోలారు. నడిచినవాళ్లు నడిచారు, పడవల్లో కొందరు, బళ్లలో కొందరు. విరేచనాలు, చలి, ఆకలి. దాదాపు నాలుగు వేల మంది చనిపోయారు. జాన్ రాస్ భార్య క్వాటీ కూడా దారిలోనే కన్నుమూసింది. చరిత్రలో దానికి కన్నీటి బాట అని పేరు.

తెల్ల రేకుల చెరోకీ గులాబీ గురించి వాళ్లలో ఒక కథ చెప్పుకుంటారు. ఆ బాటలో తల్లుల కన్నీళ్లు ఎక్కడెక్కడ రాలాయో అక్కడల్లా ఈ పువ్వు పూసిందట. సెమినరీ అమ్మాయిలు తమను తాము గులాబీ మొగ్గలమని పిలుచుకున్నారు.

కొత్త నేల మీద 1839లోనే వాళ్లు రాజ్యాంగం రాసుకున్నారు. తాలెక్వా రాజధాని అయింది. 1841కల్లా సొంత ప్రభుత్వ పాఠశాలల వ్యవస్థ ఏర్పడింది. 1846లో జాతీయ మండలి రెండు ఉన్నత పాఠశాలలు కట్టాలని చట్టం చేసింది. ఒకటి అబ్బాయిలకు, ఒకటి అమ్మాయిలకు. ముందు అబ్బాయిలకు కడదాం, మిగిలితే అమ్మాయిలకు చూద్దాం అని అనుకోలేదు. 1847లో రెండింటికీ శంకుస్థాపన జరిగింది. 1851 మే 6న అబ్బాయిల బడి, మర్నాడే అమ్మాయిల బడి తెరిచారు. దీనికి మిషనరీల చందా లేదు, అమెరికా ప్రభుత్వ దానం లేదు. పోయిన నేలకు బదులుగా వచ్చిన జాతి నిధి అది. పుట్టిల్లు అమ్ముడుపోగా వచ్చిన డబ్బుతో కూతురికి చదువు కొన్నారన్నమాట.

మసాచుసెట్స్ నుంచి పంతులమ్మలు

బడి కట్టారు సరే, చెప్పేదెవరు? జాన్ రాస్ మేనల్లుడు విలియం పాటర్ రాస్ ప్రిన్స్టన్‌లో చదువుకున్నవాడు. 1850లో అతనూ మరో ప్రతినిధీ కలిసి మసాచుసెట్స్ రాష్ట్రంలోని మౌంట్ హోల్యోక్ సెమినరీకి వెళ్లారు. మేరీ లయన్ అనే మహిళ 1837లో స్థాపించిన బడి అది. అబ్బాయిల కాలేజీలకు తీసిపోని చదువు అక్కడ అమ్మాయిలకు చెప్పేవారు. వంటా, గిన్నెలూ, బట్టలూ అన్నీ విద్యార్థినులే వంతులు వేసుకుని చూసుకునేవారు. ఆ పద్ధతే తమకూ కావాలని చెరోకీలు అడిగారు. పాఠ్య ప్రణాళిక అక్కడిదే తెచ్చుకున్నారు, పంతులమ్మల్నీ అక్కడి నుంచే తెచ్చుకున్నారు.

ఎలెన్ విట్‌మోర్ తొలి ప్రిన్సిపాల్. ఆమెతో వచ్చిన సారా వర్సెస్టర్ చెరోకీలకు పరాయిది కాదు. ఆమె తండ్రి శామ్యూల్ వర్సెస్టర్ చెరోకీల పక్షాన నిలబడి జార్జియా జైలుకు వెళ్లిన మిషనరీ. ఆయన పేరు మీద నడిచిన దావాలోనే 1832లో అమెరికా సుప్రీంకోర్టు చెరోకీల పక్షాన తీర్పు చెప్పింది. తీర్పు వచ్చినా నేల దక్కలేదు. ఆ తండ్రి కూతురే ఇప్పుడు చెరోకీల కూతుళ్లకు పాఠం చెప్పడానికి వచ్చింది.

ప్రవేశ పరీక్ష పెట్టారు. తొలి తరగతికి ఇరవై ఐదు మంది ఎంపికయ్యారు. లాటిన్, బీజగణితం, రేఖాగణితం, భూగోళం, చరిత్ర, సాహిత్యం, సంగీతం. పొద్దున్న లేచింది మొదలు పడుకునే దాకా గంట కొట్టినట్టే నడవాలి. పడక సర్దుకోవడం నుంచి భోజనాల గది తుడవడం దాకా పనులన్నీ వంతుల ప్రకారమే. హాస్టల్లో చదివిన మన అమ్మలకూ అక్కలకూ ఆ గంట చప్పుడు కొత్తగా చెప్పనక్కర్లేదు.

అచ్చులో ఒక తరం

1854 ఆగస్టు 2న ఆ అమ్మాయిలు సొంతంగా ఒక పత్రిక తెచ్చారు. పేరు చెరోకీ రోజ్ బడ్స్. సంపాదకత్వం విద్యార్థినులదే. రాసిందీ వాళ్లే. కొందరు కలం పేర్లు పెట్టుకున్నారు. కథలు, కవితలు, బడి ముచ్చట్లు, పెద్దవాళ్లకు సుద్దులు. ఒక రచనలో చెరోకీ నేల మీద రెండు దృశ్యాలు పక్కపక్కన పెట్టి చూపారు. ఒకటి పాత కాలపు గుడిసె, రెండోది పుస్తకాలతో కళకళలాడే కొత్త కాలపు ఇల్లు. మొదటిది చీకటి, రెండోది వెలుగు. తమ అమ్మమ్మలు బతికిన బతుకును చీకటిగా రాసే చూపు ఆ పదహారేళ్ల పిల్లలకు ఎవరు నేర్పారో వేరే చెప్పాలా?

అదే పత్రికకు నా-లి అనే పేరుతో మరో అమ్మాయి రాసింది. తాను కలగలుపు లేని చెరోకీనని చెప్పుకుంది. నిండు చెరోకీ కావడం సిగ్గుపడాల్సిన సంగతి కాదని, చదువుకు అది అడ్డం కాదని వాదించింది. ఈ చిన్న వ్యాసంలోనే ఆ బడి గుట్టంతా ఉంది. తెల్లతనం కలిసిన కుటుంబాల పిల్లలు ఒక మెట్టు పైన, నిండు చెరోకీ ఇళ్ల పిల్లలు ఒక మెట్టు కింద అన్న లెక్క ఆ నాలుగు గోడల మధ్య ఉండేది. ఇంగ్లీషు ఇంట్లోనే వచ్చినవాళ్లకు ప్రవేశ పరీక్ష సులువు. రానివాళ్లకు గండం. ఆ లెక్కను ఒక విద్యార్థిని అచ్చులో ఎదిరించింది. అదీ ఇంగ్లీషులోనే.

పత్రికలో కొన్ని రచనలు చెరోకీ లిపిలో కూడా వచ్చాయి. ఆ లిపి కథ తెలుసుకుంటే తెలుగువాళ్ల మనసు పొంగుతుంది. ఇంగ్లీషు చదవడం రాని సెక్వోయా అనే చెరోకీ పన్నెండేళ్లు తంటాలు పడి 1821 నాటికి తన భాషకు లిపి తయారు చేశాడు. మన గుణింతంలో హల్లూ అచ్చూ కలిసి ఒక్క అక్షరంగా పలుకుతాయే, అలాగే ఒక్కో ధ్వనికి ఒక్కో గుర్తు. మొత్తం ఎనభై ఐదు. కొద్ది ఏళ్లలోనే వేలమంది చదవడం రాయడం నేర్చారు. 1828లో చెరోకీ ఫీనిక్స్ అనే వారపత్రిక రెండు భాషల్లో వెలువడింది. అంత వైభవం ఉన్న లిపికి సెమినరీ పాఠ్యప్రణాళికలో చోటు లేదు. లాటిన్‌కు తరగతి ఉంది. అమ్మ భాషకు లేదు. పిల్లలు తెచ్చుకున్న పత్రికలో మాత్రం అది అక్కడక్కడా తొంగిచూసింది.

పన్నెండు మంది, పద్నాలుగు మంది

1855 ఫిబ్రవరిలో తొలి తరగతి చదువు పూర్తయింది. పన్నెండు మంది పట్టా పుచ్చుకున్నారు. మరుసటి ఏడాది పద్నాలుగు మంది. మొత్తం ఇరవై ఆరు. ఆ తర్వాత ఖజానా ఖాళీ. బడి మూతపడింది. 1861లో అమెరికా అంతర్యుద్ధం వచ్చిపడింది. చెరోకీలు కూడా రెండు పక్షాలుగా చీలిపోయి ఒకరినొకరు చంపుకున్నారు. బడి భవనంలో సైనికులు మకాం వేశారు.

ఇక్కడ ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. యుద్ధానికి ముందు ధనిక చెరోకీ కుటుంబాలకు నల్లజాతి బానిసలు ఉండేవారు. జాన్ రాస్‌కూ ఉన్నారు. 1863లో చెరోకీ ప్రభుత్వం బానిసత్వాన్ని రద్దు చేసింది. 1866 ఒప్పందం స్వేచ్ఛ పొందినవాళ్లకు పౌరసత్వం ఇచ్చింది. సెమినరీ తలుపులు మాత్రం వాళ్ల కూతుళ్లకు తెరుచుకోలేదు. వాళ్లకు విడిగా మరో హైస్కూలు వచ్చింది. అన్యాయానికి గురైన జాతి తన గడప లోపల మరొకరికి అన్యాయం చేయగలదు. ఆ బడిని ఎంత ప్రేమించినా ఈ మచ్చను దాచకూడదు.

1870లలో బడి మళ్లీ ఊపిరి పోసుకుంది. 1875లో ఫ్లారెన్స్ విల్సన్ ప్రిన్సిపాల్‌గా వచ్చింది. ఇరవై ఆరేళ్లు, 1901 దాకా ఆ కుర్చీలో ఉంది. క్రమశిక్షణకు ఆమె పెట్టింది పేరు. ఈ దశలో ప్రాథమిక విభాగం కూడా పెట్టారు. భోజన ఖర్చు కట్టలేని పేదింటి పిల్లలు బడిలో పనిచేసి చదువుకునేవారు. అవకాశం పెరిగింది, మెట్లు మాత్రం తొలగలేదు. నిండు చెరోకీ ఇళ్ల పిల్లలు చాలామంది ఇలా పనిచేసి చదివినవాళ్లే.

1887 ఏప్రిల్ 10, ఈస్టర్ ఆదివారం. బడికి నిప్పంటుకుంది. పిల్లలు బయటపడ్డారు. భవనం దక్కలేదు. ముఖద్వారం దగ్గరి స్తంభాల్లో మూడే మిగిలాయి.

చెరోకీ మండలి ఎక్కువ రోజులు దుఃఖపడుతూ కూర్చోలేదు. తాలెక్వాలో ఈసారి ఇంకా పెద్ద భవనానికి పూనుకుంది. ఇటుకతో, గోపురాలతో అది రెండేళ్లలో లేచింది. 1889 మే 7న, అంటే తొలి బడి తెరిచిన అదే తేదీన, కొత్త బడి తెరిచారు.

పట్టా తర్వాత

ఆ బడిలో 1909 దాకా దాదాపు మూడు వేల మంది అమ్మాయిలు చదివారు. వారిలో పట్టా దాకా వెళ్లింది రెండు వందల పైచిలుకే. మిగతావాళ్లు ఏడాదో రెండేళ్లో చదివి ఇంటికెళ్లారు. పెళ్లిళ్లు, జబ్బులు, డబ్బు లేకపోవడం. కాబట్టి పట్టా పుచ్చుకున్న ప్రతి అమ్మాయి వెనకా ఆగిపోయినవాళ్లు పదిమందికి పైనే ఉన్నారు. వాళ్లలోనూ చాలామంది ఊరి బళ్లలో పంతులమ్మలయ్యారు. హాస్యనటుడిగా ప్రపంచమంతా పేరు పొందిన విల్ రోజర్స్ తల్లి ఈ బడిలో చదివిన మనిషే.

ఇద్దరి గురించి కాస్త వివరంగా చెప్పుకుందాం.

ఇసబెల్ కాబ్ 1879లో పట్టా పుచ్చుకుంది. పైచదువు చదివి వచ్చి అదే సెమినరీలో పాఠాలు చెప్పింది. బడి కాలిపోయాక ఫిలడెల్ఫియాకు వెళ్లి పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చేరింది. 1892లో డాక్టరై తిరిగొచ్చింది. ఆమె చదివిన కాలేజీ మనకు తెలిసినదే. పాశ్చాత్య వైద్యంలో పట్టా పొందిన తొలి భారతీయ మహిళల్లో ఒకరైన ఆనందీబాయి జోషి 1886లో అక్కడే డాక్టరైంది. ఒమాహా జాతికి చెందిన సుసాన్ లా ఫ్లెష్ 1889లో అక్కడి నుంచే డాక్టరుగా బయటికొచ్చి, అమెరికా ఆదివాసీ మహిళల్లో తొలి వైద్యురాలైంది. ఆనందీబాయి ఇరవై రెండేళ్లు నిండకుండానే క్షయతో పోయింది. ఇసబెల్‌కు ఆయుష్షు కలిసొచ్చింది. సొంత ప్రాంతానికి తిరిగొచ్చి, ఊళ్లు తిరుగుతూ, ముఖ్యంగా ఆడవాళ్లకూ పిల్లలకూ వైద్యం చేసింది. 1947 దాకా బతికింది. పుణె పిల్ల, ఒమాహా పిల్ల, చెరోకీ పిల్ల ఆరేళ్ల తేడాలో ఒకే గడప దాటడం ఒక్కసారి ఊహించుకోండి.

రేచల్ కారొలైన్ ఈటన్ 1880ల చివర్లో సెమినరీ చదువు ముగించింది. అక్కడితో ఆగలేదు. బి.ఏ. చేసింది, చికాగో విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివి 1919లో డాక్టరేట్ పుచ్చుకుంది. 1914లో ఆమె ప్రచురించిన పుస్తకం జాన్ రాస్ మీద, చెరోకీ జాతి మీద. తన జాతి కథను పరాయివాళ్లు రాసింది చదవడమే తప్ప తాము రాసింది లేదన్న కొరతను ఆ బడి అమ్మాయి తీర్చింది. బడిలో చెరోకీ చరిత్ర పాఠం లేదు. ఆ పాఠాన్ని తానే రాసింది.

బడి పోయింది, తేదీ మిగిలింది

1898లో కర్టిస్ చట్టం ఆదివాసీ ప్రభుత్వాల అధికారాలను లాగేసుకుంది. 1907లో ఓక్లహోమా రాష్ట్రంగా ఏర్పడింది. 1909లో సెమినరీ భవనం రాష్ట్రం చేతికి వెళ్లింది. అదే ఇవాళ నార్త్ ఈస్టర్న్ స్టేట్ యూనివర్సిటీ. గోపురాల భవనం సెమినరీ హాల్ అనే పేరుతో ఇప్పటికీ నిలబడే ఉంది, అందులో ఇప్పటికీ తరగతులు నడుస్తాయి. పాత విద్యార్థినులు ఏటా మే 7కు అక్కడ కలుసుకునేవారు. వాళ్లందరూ వెళ్లిపోయాక వారసులు ఆ ఆనవాయితీని నిలుపుకొస్తున్నారు.

ఈ బడి విలువ తెలియాలంటే అదే కాలంలో నడిచిన మరో రకం బళ్లను చూడాలి. 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ బడి మొదలైంది. అలాంటివి దేశమంతా వెలిశాయి. ప్రభుత్వమే ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకెళ్లి, జుట్టు కత్తిరించి, పేరు మార్చి, అమ్మ భాష మాట్లాడితే దండించిన బళ్లవి. అలాంటి వసతి బళ్లలో కనీసం 973 మంది పిల్లలు చనిపోయారని 2024లో అమెరికా ప్రభుత్వ దర్యాప్తే తేల్చింది. ఆ ఏడాది అక్టోబర్‌లో దేశాధ్యక్షుడు క్షమాపణ చెప్పాడు.

చెరోకీ సెమినరీ ఆ కోవలోది కాదు. దాన్ని కట్టింది చెరోకీలు, నడిపింది చెరోకీలు. తల్లిదండ్రులు సంతోషంగా సాగనంపారు. అయినా తరగతి గదిలో చెరోకీ భాష వినిపించలేదు. అక్కడ దండించి మాన్పించారు, ఇక్కడ నామోషీ నేర్పి మాన్పించారు. ఇవాళ చెరోకీ నేషన్ పౌరులు నాలుగున్నర లక్షలకు పైనే. అమ్మ ఒడిలో ఆ భాష నేర్చినవాళ్లు 2019 నాటికి మిగిలింది సుమారు రెండు వేల మంది. చాలావరకు పెద్ద వయసువాళ్లే. ఆ ఏడాదే చెరోకీలు తమ భాషకు అత్యవసర పరిస్థితి ప్రకటించుకున్నారు. తాలెక్వాలో ఇప్పుడు పసిపిల్లలకు అన్ని పాఠాలూ చెరోకీలోనే చెప్పే బడి నడుస్తోంది. నూట డెబ్బై ఏళ్ల కిందట వదిలేసిన పాఠాన్ని ఇవాళ మళ్లీ మొదటి అక్షరం నుంచి దిద్దుకుంటున్నారు. ఆ నష్టమంతా ఒక్క సెమినరీ వల్ల జరిగిందనడం అన్యాయం. నేల పోవడం, పాలన పోవడం, కార్లైల్ తరహా బళ్లు, అన్నీ కలిసి చేసిన పని అది. కానీ తమ చేతిలో ఉన్న బడిలో భాషకు ఒక పీరియడ్ ఇచ్చి ఉంటే ఎంత మిగిలేదో అనిపించక మానదు.

మన గురుకులాల ముందు నిలబడి

మనకూ ఈ కథ దూరం కాదు. 1971లో సర్వేలులో తొలి గురుకులం పెట్టిన నేల మనది. 2004 నుంచి కస్తూర్బా బాలికా విద్యాలయాలు వచ్చాయి. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లో లక్షలాది పేదింటి ఆడపిల్లలు వసతి బళ్లలో చదువుతున్నారు. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. సాంఘిక సంక్షేమ గురుకులం పిల్ల ఆమె. ఇంట్లో మొదటిసారి పలక పట్టిన ఆడపిల్లకు హాస్టల్ మంచం ఎంత పెద్ద ఆసరానో చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

చెరోకీల దగ్గర మనం నేర్చుకోవాల్సిన మొదటి పాఠం, కష్టకాలంలో కూడా ఆడపిల్ల చదువుకే ముందు డబ్బు తీయడం. అన్నీ పోయినవాళ్లు అది చేయగలిగినప్పుడు, అన్నీ ఉన్న మనం హాస్టల్ మరుగుదొడ్డికి నిధులు లేవనడానికి మొహం ఉండకూడదు. రెండో పాఠం, చదువు పేరుతో పిల్ల నోట్లోంచి ఇంటి మాట తీసేయకూడదు. ఇంగ్లీషు కావాలి, తప్పకుండా కావాలి. దానికోసం తెలుగు బలి కానక్కర్లేదు. గోండి, కోయ, లంబాడీ మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పిల్ల తన భాషకు సిగ్గుపడనక్కర్లేదు. మూడోది, పట్టా పుచ్చుకున్న పిల్లతో పాటు మధ్యలో ఆగిపోయిన పిల్లను కూడా లెక్కలో రాసుకోవడం.

ఈ వేసవి సెలవుల్లో మీ అమ్మాయి ట్రంకు పెట్టెతో ఇంటికి వస్తుంది. మార్కులు తర్వాత అడగండి. ముందు పక్కన కూర్చోబెట్టుకుని మీ అమ్మమ్మ చెప్పిన కథ ఒకటి మీ ఇంటి భాషలో చెప్పండి. చెప్పాక, దాన్ని తన చేత్తో రాసివ్వమని అడగండి.